ఫైల్ అందరి దగ్గరా ఉంది. కానీ ఏ ఫైల్?

బస్సులో సౌండ్ పెట్టుకోలేని వాళ్ల కోసం, డేటా అయిపోయిన వాళ్ల కోసం, ఎప్పట్లాగే ఎపిసోడ్ మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాను. మాట్లాడేటప్పుడు దొర్లిన "యాక్చువల్లీ"లు కొన్ని తీసేశా. మిగతాదంతా వీడియోలో చెప్పిందే.

ఈరోజు టాపిక్ కన్‌స్ట్రక్షన్. "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, నీకు సిమెంట్‌తో ఏం పని?" అని అడుగుతారని తెలుసు. ఆగండి. ఇది సిమెంట్ గురించి కాదు, ఫైళ్ల గురించి. ఒక బిల్డింగ్ కట్టేటప్పుడు పదిమంది చేతుల్లో తిరిగే డ్రాయింగులు, లెక్కలు, మార్పులు, అప్రూవల్స్, వీటన్నిటినీ ఎక్కడ పెట్టాలి, ఎవరు మార్చాలి, ఏది చూసి కట్టాలి అనే దాని గురించి.

ముందు మా ఇంటి సంగతి చెప్తా.

నాలుగేళ్ల క్రితం ఖమ్మంలో మా ఇంటి మీద ఫస్ట్ ఫ్లోర్ వేశాం. నాన్న రిటైర్ అయినప్పుడు వచ్చిన డబ్బులు అవి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి నా కాంట్రిబ్యూషన్ ఏంటంటే, వాట్సాప్ గ్రూప్ క్రియేట్ చేయడం. పేరు "మన ఇల్లు". అందులో నాన్న, ఇంజనీర్ గారు, మేస్త్రి, సెంట్రింగ్ మేస్త్రి, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, నేను. అప్పట్లో నాకు చాలా గర్వంగా అనిపించింది. అందరూ ఒకే చోట ఉన్నారు, అన్నీ అందరికీ కనిపిస్తాయి, ఇంకేం కావాలి?

ఇంజనీర్ గారు ప్లాన్ పంపారు. ఫైల్ పేరు "ప్లాన్ ఫైనల్". నాన్న దాన్ని పెద్దనాన్నకి చూపించాడు. పెద్దనాన్న కళ్లజోడు సవరించుకుని ఒక్కటే అడిగాడు, "ఈశాన్యంలో బాత్రూమ్ ఏంట్రా?" అంతే. బాత్రూమ్ వాయవ్యానికి వెళ్లిపోయింది. రెండు రోజుల్లో కొత్త ఫైల్ వచ్చింది. దాని పేరు "ప్లాన్ ఫైనల్ న్యూ". దాని కింద సిమెంట్ బిల్లు ఫోటోలు, ఇసుక లారీ నంబరు, గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు, పది "ఓకే సార్"లు.

ఇక్కడ ఒక విషయం తెలియాలి. బాత్రూమ్ వచ్చే చోట స్లాబ్‌ని మిగతా దానికంటే కిందికి దించి పోస్తారు, పైపులు ఆ గుంతలో పోవడానికి. దాన్ని సంకెన్ స్లాబ్ అంటారు. అంటే బాత్రూమ్ ఎక్కడో స్లాబ్ పోసే ముందే తెలియాలి. తర్వాత మారిస్తే కుదరదు.

మా సెంట్రింగ్ మేస్త్రి మొదటి ఫైల్‌ని జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆయన దృష్టిలో ప్లాన్ అంటే ఆ కాగితమే. దాని ప్రకారం సెంట్రింగ్ కొట్టాడు. ఇనుము కట్టారు. స్లాబ్‌కి ముందు రోజు ఇంజనీర్ గారు ఊళ్లో లేరు, వాళ్ల అసిస్టెంట్ వచ్చి చెక్ చేశాడు. టేప్ పెట్టి కడ్డీల మధ్య దూరం కొలిచాడు, కవర్ బ్లాకులు చూశాడు, చాలా నిజాయితీగా చెక్ చేశాడు. కానీ ఏ కాగితం చూసి? మేస్త్రి జేబులోంచి తీసిన కాగితం చూసి. తప్పు కాగితంతో పక్కాగా చెక్ చేస్తే ఏమవుతుంది? తప్పు పక్కా అవుతుంది.

పొద్దున్నే నాన్న కొబ్బరికాయ కొట్టాడు, స్లాబ్ పడింది. మూడో రోజు ప్లంబర్ వచ్చి, తన ఫోన్‌లో ఉన్న కొత్త ప్లాన్ చూసి, స్లాబ్ చూసి, మళ్లీ ఫోన్ చూసి, "సార్, గుంత అటెందుకు ఉంది?" అన్నాడు.

ఆ రోజు సాయంత్రం సైట్‌లో జరిగిన గొడవ నేను వీడియో కాల్‌లో చూశాను. ప్రతి ఒక్కళ్లూ ఫోన్ తీసి చూపిస్తున్నారు. ఇంజనీర్ గారేమో "నేను పంపాను, బ్లూ టిక్ కూడా పడింది" అంటారు. మేస్త్రి ఏమో "నాకు ఇదే ఫైనల్ అన్నారు సార్" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు! ఆఖరికి పాత గుంతని పూడ్చారు. కొత్త చోట స్లాబ్ దించే వీలు లేదు కాబట్టి బాత్రూమ్ ఫ్లోర్‌నే ఎత్తు చేశారు. పైపులన్నీ ఆ ఎత్తులో దాక్కున్నాయి. ఇప్పటికీ మా ఇంట్లో ఆ బాత్రూమ్‌లోకి వెళ్లాలంటే రెండు మెట్లెక్కాలి. మా నానమ్మ రాత్రిపూట గోడ పట్టుకుని ఎక్కుతుంది. ఒకసారి జారింది కూడా. పెద్ద దెబ్బ తగల్లేదు, కానీ ఆ రోజు నుంచి నాన్న ఆ మెట్ల వైపు చూసిన ప్రతిసారీ నాకు నా వాట్సాప్ గ్రూప్ గుర్తొస్తుంది.

ఇప్పుడు పాయింట్‌కి వస్తా. మా దగ్గర డేటా షేరింగ్‌కి లోటు లేదు. అందరికీ అన్నీ వెళ్లాయి. లేనిదల్లా ఒక్కటే, "ఇది చూసి కట్టొచ్చు" అని ఒక ఫైల్ మీద ఉండాల్సిన ముద్ర. బ్లూ టిక్ అంటే చూశాడని. అంతే. కట్టమని కాదు.

సాఫ్ట్‌వేర్‌లో మనకి ఈ తలనొప్పి ఎప్పుడో వచ్చింది, గిట్‌తో చాలావరకు పోయింది. నా బ్రాంచ్‌లో నేను ఏ చెత్తైనా రాసుకుంటాను, ఎవరికీ సంబంధం లేదు. రివ్యూ అయితేనే మెయిన్‌లోకి వెళ్తుంది. రిలీజ్ అయిందే ప్రొడక్షన్‌కి పోతుంది. ఎవరు ఏ లైన్ ఎప్పుడు మార్చారో మొత్తం చరిత్ర ఉంటుంది. కన్‌స్ట్రక్షన్‌లో కూడా సరిగ్గా ఇలాంటిదే ఉంది. దాని పేరు కామన్ డేటా ఎన్విరాన్‌మెంట్, షార్ట్‌గా సీడీఈ. తేడా ఏంటంటే, మనం ప్రొడక్షన్‌లో బగ్ వస్తే ఒక కమాండ్‌తో వెనక్కి వెళ్తాం. స్లాబ్‌ని వెనక్కి తీసుకెళ్లాలంటే బ్రేకర్ మెషిన్ కావాలి. అందుకే ఈ పద్ధతి మనకంటే వాళ్లకే ఎక్కువ అవసరం. విచిత్రం ఏంటంటే, ఎక్కువ వాడేది మనం.

సీడీఈ అంటే గూగుల్ డ్రైవ్ లాంటి ఒక ఫోల్డర్ అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నా. నా పాత రూమ్‌మేట్ ఒకడు సివిల్ చదివాడు, హైదరాబాద్‌లోనే కూర్చుని బ్రిటన్ ప్రాజెక్టులకి బిమ్ మోడల్స్ చేస్తాడు. బిమ్ అంటే బిల్డింగ్ త్రీడీ బొమ్మ మాత్రమే కాదు, అందులో ప్రతి గోడకీ, ప్రతి పైపుకీ దాని వివరాలు కూడా అతికించి ఉంటాయి. మా ఇంటి కథ చెప్తే వాడు నవ్వాడు. నవ్వి, "మీ ఫైల్‌కి స్టేటస్ ఏంట్రా?" అని అడిగాడు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు.

వాడు చెప్పింది ఇది. సీడీఈలో ప్రతి ఫైల్ నాలుగు దశల్లో ఏదో ఒక దాంట్లో ఉంటుంది. వర్క్ ఇన్ ప్రోగ్రెస్ అంటే అది చేసేవాడి టీమ్‌కి మాత్రమే కనిపిస్తుంది, ఇంకా పచ్చిగా ఉంది. షేర్డ్ అంటే మిగతా టీమ్‌లు చూసి తమ పనితో సరిపోల్చుకోవచ్చు. మీ బీమ్‌లోంచి నా పైపు పోతోందా లేదా అని చెక్ చేసుకోవచ్చు, కానీ దాన్ని చూసి కట్టకూడదు. పబ్లిష్డ్ అంటే అధికారం ఉన్నవాళ్లు ఒప్పుకున్నారు, ఇక వాడుకోవచ్చు. నాలుగోది ఆర్కైవ్. పాతవేవీ డిలీట్ కావు, ఎప్పుడు ఏది నడిచిందో చూసుకోవడానికి అన్నీ అక్కడే ఉంటాయి.

ఈ నాలుగు దశల ఆలోచన బ్రిటన్ వాళ్ల బీఎస్ 1192 అనే స్టాండర్డ్‌లో 2007లోనే ఉంది. అక్కడి ప్రభుత్వం 2011లో ఒక నిర్ణయం ప్రకటించింది, కేంద్రం డబ్బుతో కట్టే ప్రాజెక్టులన్నీ 2016 నాటికి బిమ్ వాడాలి అని. ఆ అనుభవం మీదే 2018లో ఐఎస్‌వో 19650 వచ్చింది. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా ఈ విషయంలో అందరూ చూపించేది దాన్నే. బ్రిటన్ వాళ్లు వాడే కోడ్‌లు కూడా బాగుంటాయి. ఎస్0 అంటే ఇంకా వండుతున్నాం, ఎస్1 అంటే కోఆర్డినేషన్ కోసం, ఎస్2 అంటే ఊరికే తెలియడానికి, ఎస్3 అంటే చూసి కామెంట్ చెప్పండి. రివిజన్ నంబర్లో పి అని ఉంటే ఇంకా ప్రిలిమినరీ, సి అని మారితే కాంట్రాక్ట్ ప్రకారం ఖాయమైనది. పి03 చూసి స్లాబ్ పోస్తే తప్పు నీది. సి01 చూసి పోస్తే నీ తప్పు కాదు. ఇంత సింపుల్.

"ఫైనల్", "ఫైనల్ న్యూ", "ఫైనల్ ఫైనల్ 2" అనే మాటలు ఆ పద్ధతిలో రాయడానికే చోటు లేదు. ఫైల్ పేరు కూడా నీ ఇష్టం కాదు. ప్రాజెక్టు, ఎవరు చేశారు, బిల్డింగ్‌లో ఏ భాగం, ఏ అంతస్తు, అది డ్రాయింగా మోడలా, ఏ విభాగం, వరస నంబరు, ఇలా ముక్కలు ముక్కలుగా పేరు తయారవుతుంది. చూడటానికి బోర్‌గా ఉంటుంది. కానీ పేరు చూస్తే చాలు, తెరవక్కర్లేదు.

సరే, ఇదంతా ఒక బాత్రూమ్ కోసమా? కాదు. 1981 జూలై 17, అమెరికాలో కాన్సాస్ సిటీ. హయత్ రీజెన్సీ అనే హోటల్, ఓపెన్ అయ్యి ఏడాది. లాబీలో డ్యాన్స్ ప్రోగ్రాం జరుగుతోంది, వందల మంది జనం. పైన గాల్లో వేలాడే నడక వంతెనలు ఉన్నాయి, రెండో అంతస్తులో ఒకటి, సరిగ్గా దాని పైన నాలుగో అంతస్తులో ఒకటి. రెండూ ఒక్కసారిగా కింద పడ్డాయి. 114 మంది చనిపోయారు.

ఏం జరిగిందో చెప్తా, ఇది కొంచెం నెమ్మదిగా చదవండి. మొదటి డిజైన్‌లో సీలింగ్ నుంచి ఒకే పొడవైన ఇనుప రాడ్ దిగి, నాలుగో అంతస్తు వంతెనని మోస్తూ, కిందికి వెళ్లి రెండో అంతస్తు వంతెనని కూడా మోస్తుంది. అంత పొడవు రాడ్‌కి నట్టు బిగించడానికి మర కోయడం కష్టమని, తయారుచేసే కంపెనీ దాన్ని రెండు రాడ్లుగా మార్చింది. సీలింగ్ నుంచి నాలుగో అంతస్తుకి ఒకటి, నాలుగో అంతస్తు బీమ్ నుంచి రెండో అంతస్తుకి ఇంకొకటి. చూడటానికి తేడా ఏముంది అనిపిస్తుంది. ఇలా ఊహించుకోండి. ఒక తాడు పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నారు, ఎవరి బరువు వాళ్ల చేతులే మోస్తున్నాయి. ఇప్పుడు కింద ఉన్నవాడు తాడు వదిలి పైవాడి కాళ్లు పట్టుకున్నాడు. తాడు మీద బరువు అంతే. కానీ పైవాడి చేతుల మీద? డబుల్. నాలుగో అంతస్తు బీమ్ దగ్గర జరిగింది అదే. పైగా మొదటి డిజైన్ కూడా రూల్స్ ప్రకారం ఉండాల్సినంత బలంగా లేదని తర్వాత ప్రభుత్వ విచారణలో తేలింది.

ఇందులో మన టాపిక్ ఎక్కడుంది? ఆ మార్పు గురించి ఇంజనీర్ల ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాం, సరేనన్నారు అని తయారీ కంపెనీ చెప్పింది. అలాంటి ఫోన్ మాకు రాలేదు అని ఇంజనీర్లు చెప్పారు. మారిన డ్రాయింగుల మీద మాత్రం ఇంజనీర్ల అప్రూవల్ స్టాంప్ ఉంది. "నేను పంపాను", "నాకు రాలేదు". మా ఖమ్మం సైట్‌లో జరిగిన గొడవే. ఇక్కడ రెండు మెట్లు, అక్కడ 114 ప్రాణాలు. డిజైన్ బాధ్యత ఉన్న ఇంజనీర్ల లైసెన్సులు రద్దయ్యాయి.

ఆ రోజుల్లో సీడీఈ ఉంటే ఇది ఆగిపోయేది అని మాత్రం నేను చెప్పను. చూడకుండా స్టాంప్ కొట్టేవాడు యాప్‌లో కూడా చూడకుండానే అప్రూవ్ నొక్కుతాడు. మనం కోడ్ రివ్యూలో "లుక్స్ గుడ్" అని పెట్టి టీ తాగడానికి వెళ్లట్లేదా? సీడీఈ చేయగలిగేది ఏంటంటే, మార్పు ఫోన్‌లో మాయమైపోకుండా చూడటం. ఎవరు మార్చారు, ఎందుకు, ఎవరు ఒప్పుకున్నారు, ఏ టైంకి, అన్నీ దాని మీదే ఉంటాయి. తన పేరు అక్కడ శాశ్వతంగా ఉంటుందని తెలిసినవాడు ఇంకోసారి చూస్తాడని ఒక ఆశ.

ఇంకో చిన్న కథ, ఇందులో ఎవరూ చనిపోలేదు కాబట్టి నవ్వుకోవచ్చు. జర్మనీకీ స్విట్జర్లాండ్‌కీ మధ్య రైన్ నది మీద లౌఫెన్‌బుర్గ్ దగ్గర వంతెన కడుతున్నారు. రెండు వైపుల నుంచీ మొదలుపెట్టారు. సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తు అని లెక్క పెట్టడంలో జర్మనీ ఒక సముద్రాన్ని, స్విట్జర్లాండ్ ఇంకో సముద్రాన్ని ఆధారంగా తీసుకుంటాయి. తేడా 27 సెంటీమీటర్లు. ఇది రెండు వైపులా తెలుసు! సరిచేశారు కూడా. కానీ ప్లస్ చేయాల్సిన చోట మైనస్ చేశారు. 27 పోయి 54 అయింది. 2003లో, కట్టే దశలోనే బయటపడింది కాబట్టి సరిదిద్దుకున్నారు. ఒకే ఫోల్డర్‌లో ఫైళ్లు పెట్టుకుంటే సరిపోదు, "సున్నా ఎక్కడ" అన్నది కూడా ముందే రాసుకోవాలి. బిమ్ ప్రాజెక్టుల్లో మొదటి రోజే అందరూ ఒకే కోఆర్డినేట్స్, ఒకే యూనిట్స్ ఖాయం చేసుకునేది అందుకే. మన దగ్గర అయితే ప్లాన్ అడుగుల్లో, స్టీల్ మిల్లీమీటర్లలో, స్థలం గజాల్లో. దేవుడే కాపాడుతున్నాడు.

బిల్డింగ్ అయిపోయాక డేటాతో ఇంక పనేంటి అంటారా? లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్, 24 అంతస్తులు, 2017 జూన్ 14న కాలిపోయింది. 72 మంది చనిపోయారు. గోడల బయట తర్వాత తగిలించిన క్లాడింగ్ మంటని పైకి పాకించింది. ఆ రాత్రి ఫైర్ సిబ్బంది దగ్గర ఆ బిల్డింగ్ ఫ్లోర్ ప్లాన్లు లేవు. 2019లో వచ్చిన విచారణ మొదటి రిపోర్టు సిఫార్సుల్లో ఒకటి ఏంటంటే, ఎత్తైన బిల్డింగుల ఓనర్లు అప్‌డేట్ అయిన ప్లాన్లు కాగితం మీదా, డిజిటల్‌గా కూడా ఫైర్ సర్వీస్‌కి ఇవ్వాలి అని. అంతకు ముందే, 2018లో జూడిత్ హాకిట్ అనే ఇంజనీర్ ప్రభుత్వానికి ఇచ్చిన రిపోర్టులో "గోల్డెన్ థ్రెడ్" అనే మాట వాడారు. డిజైన్ నుంచి, కట్టడం నుంచి, జనం ఉండే రోజుల దాకా ఆ బిల్డింగ్ సమాచారం ఒక బంగారు దారంలా తెగకుండా రావాలని. 2022లో అక్కడ చట్టం వచ్చింది. కనీసం 18 మీటర్ల ఎత్తు లేదా కనీసం ఏడు అంతస్తులు ఉన్న నివాస భవనాలకి ఈ సమాచారాన్ని డిజిటల్‌గా దాచి, ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉండటం ఇప్పుడు బాధ్యత, దయ కాదు.

మన దగ్గర ఇలాంటి దారం అసలు లేదా అంటే, ఒక కొస ఉంది. 2016 రెరా చట్టం. మీ ఇంట్లోవాళ్లు ఫ్లాట్ కొన్నారనుకోండి, సెక్షన్ 17 ప్రకారం బిల్డర్ కామన్ ఏరియాలతో సహా ప్లాన్లు, అవసరమైన డాక్యుమెంట్లు ఓనర్ల అసోసియేషన్‌కి అప్పగించాలి. వేరే స్థానిక చట్టం లేకపోతే కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక 30 రోజుల్లో. సెక్షన్ 14 ప్రకారం, చిన్న చిన్న సవరణలు తప్ప, బిల్డింగ్ ప్లాన్‌ని కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోకుండా మార్చకూడదు. మీ అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకసారి అడిగి చూడండి, "మన బిల్డింగ్ ప్లంబింగ్ డ్రాయింగ్ ఎవరి దగ్గర ఉంది?" అని. ఎంతసేపు నిశ్శబ్దంగా ఉంటుందో చూడండి.

సీడీఈ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు చాలానే ఉన్నాయి, అవి కొంటే అన్నీ సెట్ అయిపోతాయన్నట్టు డెమోలు ఇస్తాయి. సాఫ్ట్‌వేర్ వాడిగా చెప్తున్నా, నమ్మకండి. ముందు ఎవరు ఒప్పుకోవాలి, ఏది ఒప్పుకున్నట్టు లెక్క అన్నది తేలాలి. అది తేలకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా ఇంకో వాట్సాప్ గ్రూపే. ఇంకోటి, లాగిన్ ఎవరి పేరు మీద ఉంది? కాంట్రాక్టర్ పేరు మీద ఉంటే, గొడవై ఆయన వెళ్లిపోయిన రోజు డేటా కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. అలాగే, బిల్డింగ్ యాభై అరవై ఏళ్లు ఉంటుంది, ఏ యాప్ అయితే అంతకాలం ఉంటుంది? అందుకే ఐఎఫ్‌సీ అనే ఓపెన్ ఫార్మాట్ ఉంది, ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన మోడల్‌ని ఇంకో దాంట్లో తెరవడానికి. అన్నీ పర్ఫెక్ట్‌గా రావు, కానీ అసలు తెరుచుకోకపోవడం కంటే నయం.

ఇప్పుడు మనలాంటి మామూలు ఇళ్లకి. మేస్త్రి యాప్ ఇన్‌స్టాల్ చేసుకోడు, చేసుకోమని అడగడం కూడా న్యాయం కాదు. ఎండలో, చేతులకి సిమెంట్ ఉన్నప్పుడు ఆయనకి కావాల్సింది కాగితమే. మేం ఈ ఏడాది పైన పెంట్‌హౌస్ వేస్తున్నాం. ఈసారి నేను చేసింది ఇంతే. ఒక డ్రైవ్ ఫోల్డర్, అందులో "కట్టొచ్చు" అని ఒకటి, "ఇంకా మాట్లాడుతున్నాం" అని ఒకటి, "పాతవి" అని ఒకటి. "కట్టొచ్చు"లోకి ఫైల్ మార్చే హక్కు ఇంజనీర్ గారికి మాత్రమే. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపడం బంద్, లింక్ మాత్రమే. సైట్‌లో వాచ్‌మన్ గది గోడ మీద ఒకే ఒక్క ప్రింట్, దాని మీద పెద్దగా నంబరు, తేదీ, ఇంజనీర్ గారి సంతకం. కొత్తది అంటించేటప్పుడు పాతది చింపి ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టాలి. ఎవరి జేబులోనూ ప్లాన్ ఉండకూడదు. గోడలు ప్లాస్టరింగ్ చేసే ముందు కరెంట్ పైపులు, నీళ్ల పైపులు పోయే ప్రతి గోడకీ టేప్ పట్టి ఫోటో తీస్తున్నాం. రేపు మేకు కొట్టేటప్పుడు నాకు థాంక్స్ చెప్తారు.

మొదటి వారం మేస్త్రి నవ్వాడు. నాన్నకి చాదస్తం అనిపించింది. పోయిన నెల మెట్ల దగ్గర ఒక బీమ్ మారింది. మా సెంట్రింగ్ మేస్త్రి (అవును, అదే ఆయన) పొద్దున్నే ఫోన్ చేశాడు. "బాబూ, గోడ మీద 3 ఉంది, ఇంజనీర్ సారేమో 4 అంటున్నారు. 4 అంటించేదాకా నేను పలక ఎత్తను."

మీ ఇంట్లో, మీ ఆఫీసులో మీరు చూసిన అతి దారుణమైన ఫైల్ పేరు కింద కామెంట్‌లో పెట్టండి. నా రికార్డు "ఫైనల్ లాస్ట్ ఇదే వాడండి 3". దాన్ని కొట్టేది ఎవరో చూద్దాం.